షూబర్ట్ పాట దగ్గర మొదలుపెట్టండి, సింఫనీ దగ్గర కాదు

మీ ప్రశ్న ఇది: "మొజార్ట్, బీథోవెన్ కొంచెం విన్నాను. ఆ తర్వాత వచ్చింది రొమాంటిక్ యుగం అంటున్నారు. ఆ యుగం మొదట్లో ఎవరెవరున్నారు, ఏయే రకాల సంగీతం పుట్టింది, ఎక్కడ మొదలుపెట్టాలి? కర్ణాటక సంగీతం కొద్దిగా వచ్చు, పియానో రాదు."

ముందు ఆ పేరు సంగతి తేల్చుకుందాం. నేను 20 ఏళ్లకు పైగా సికింద్రాబాద్‌లో పియానో నేర్పుతున్నాను. ఏటా ఒక్క పిల్లవాడైనా అడుగుతాడు, "సార్, రొమాంటిక్ అన్నారు కదా, మరి ఇందులో లవ్ ఎక్కడుంది?" అని. ఇక్కడ రొమాంటిక్ అంటే ప్రేమకథ కాదు. మన సాహిత్య విమర్శకులు 'కాల్పనిక' అని తెలుగు చేసుకున్న మాట ఇదే. కృష్ణశాస్త్రి గారి భావకవిత్వం చదివి ఉంటే మీకు సగం అర్థమైనట్టే. నేను, నా బాధ, రాత్రి, అడవి, ఎడబాటు, గమ్యం లేని తిరుగుడు. మన కవులకు ఈ గాలి ఇంగ్లీషు కవుల మీదుగా తగిలింది. వియన్నా, లైప్‌జిగ్ సంగీతకారులకు అంతకు వందేళ్ల ముందే జర్మన్ కవుల మీదుగా తగిలింది.

కాలం సుమారుగా 1815 నుంచి 1850 దాకా అనుకోండి. గీత గీసినట్టు చెప్పలేం. కర్ణాటక సంగీతం తెలిసినవారు కాబట్టి ఇలా గుర్తుపెట్టుకోండి: బీథోవెన్ పోయిన 1827లోనే శ్యామశాస్త్రి గారూ పోయారు. త్యాగరాజస్వామి 1847 జనవరిలో సమాధి అయ్యారు. అదే ఏడు మే నెలలో జర్మన్ సంగీతకర్త ఫానీ మెండెల్సన్, నవంబరులో ఆమె తమ్ముడు, సంగీతకర్తే అయిన ఫెలిక్స్ మెండెల్సన్ చనిపోయారు. అంటే మనం మాట్లాడుకుంటున్నది దాదాపు మన త్రిమూర్తుల చివరి రోజుల కాలం.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? ఇలాంటి ప్రశ్నకు వచ్చే జవాబుల్లో చాలావరకు సింఫనీల, అంటే వాద్యబృందం వాయించే పెద్ద రచనల జాబితాలే ఉంటాయి. నాకది నచ్చదు. నేను కాలేజీ రోజుల్లో ఎవరో చెప్పారని ఒక పెద్ద సింఫనీ క్యాసెట్ తెచ్చుకుని, రెండో భాగం రాకముందే నిద్రపోయాను. ఇది మన చెవికి ఎక్కదులే అనుకున్నాను. రెండేళ్ల తర్వాత నాలుగు నిమిషాల పాట ఒకటి విన్నాను, అంతే. ఆ యుగంలో కొత్తగా పుట్టిన ప్రతిదానికీ విత్తనం పాటలోనే ఉందని ఇన్నేళ్ల తర్వాత కూడా నా నమ్మకం.

ఆ పాటను జర్మన్‌లో 'లీడ్' అంటారు. బహువచనం 'లీడర్', ఎన్నికలతో సంబంధం లేదు. ఒక మంచి కవిత, ఒక గొంతు, ఒక పియానో, అంతే. మన రేడియో లలిత గీతాల్లా, కవి ఒకరు, వరస కట్టినవారు ఒకరు. తేడా ఏమిటంటే ఇక్కడ పియానో పక్కవాద్యం కాదు, కథలో ఒక పాత్ర.

నేను విన్న ఆ పాట వియన్నా సంగీతకర్త ఫ్రాంజ్ షూబర్ట్ రాసిన 'గ్రెట్చెన్ ఆమ్ ష్పిన్‌రాడే'. రాట్నం ముందు గ్రెట్చెన్ అని అర్థం. మాటలు జర్మన్ కవి గోథే 'ఫౌస్ట్' నాటకంలోవి. 1814 అక్టోబరులో, తనకు 17 ఏళ్లప్పుడు రాశాడు. పియానో కుడి చెయ్యి గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, అది రాట్నం. ఎడమ చెయ్యి తొక్కుడు చెక్క. ఆ పిల్ల నూలు వడుకుతూ ప్రియుణ్ణి తలుచుకుంటుంది. అతని నడక, అతని చూపు, అతని మాట... స్వరం పైకి పైకి పోతుంది. "అతని ముద్దు" అన్నచోట రాట్నం ఆగిపోతుంది. ఆ తర్వాత పియానో ఒకసారి కదలబోయి ఆగుతుంది, మళ్లీ కదలబోయి ఆగుతుంది, చివరికి ఎలాగో తిరగడం మొదలుపెడుతుంది. ఆమె చేతులు వణికాయని మాటల్లో ఎక్కడా లేదు. పియానో చెప్పింది. యుగం మారింది అంటే నాకు గుర్తొచ్చేది ఆ రెండు తడబాట్లే.

ఏడాది తర్వాత 'ఎర్ల్‌కోనిగ్', మాటలు మళ్లీ గోథేవే. రాత్రి, గాలి, జబ్బుపడ్డ కొడుకును ఒళ్లో పెట్టుకుని గుర్రం మీద పరిగెత్తే తండ్రి, పిల్లవాడికి మాత్రమే కనిపించే ఒక దయ్యపు రాజు. కథకుడు, తండ్రి, కొడుకు, దయ్యం, ఈ నాలుగు గొంతుకలూ ఒక్క గాయకుడే పాడాలి. పిల్లవాడు "నాన్నా, నాన్నా" అని అరిచిన ప్రతిసారీ స్వరం ఇంకాస్త పైకి పోతుంది. దయ్యం మాత్రం మెత్తగా, తియ్యగా పాడుతుంది, అసలు భయం అక్కడే. ఈ పాటను షూబర్ట్ స్నేహితులు 1816లో గోథేకు పంపిస్తే ఒక్క ముక్క జవాబు లేకుండా తిరిగొచ్చింది. 1821లో స్నేహితులే డబ్బు పోగుచేసి అచ్చు వేయించారు. అతని ఓపస్ 1, అంటే అచ్చయిన రచనల వరుసలో ఒకటో నంబరు, అదే.

ఇంత చిన్న రూపం అంత బలంగా ఎందుకు పుట్టింది? ఊరి పరిస్థితి అలాంటిది. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ పాలనలో వియన్నా నిండా సెన్సారు, పోలీసు నిఘా. 1820లో ఒక స్నేహితుడి గది మీద పోలీసులు పడినప్పుడు షూబర్ట్ కూడా దొరికిపోయాడు. అతన్ని వదిలేశారు కానీ, యోహాన్ జెన్ అనే ఆ స్నేహితుణ్ణి ఏడాదికి పైగా జైల్లో పెట్టి ఊరి నుంచి వెళ్లగొట్టారు. బయట మాట్లాడటం కష్టమైనప్పుడు మనుషులు ఇళ్లలో కూడతారు. అదే సమయంలో మధ్యతరగతి ఇళ్లలోకి పియానో వచ్చింది, స్వరాల కాగితాలు అచ్చువేసి అమ్మే వ్యాపారం పెరిగింది. షూబర్ట్ పాటలు ఎక్కువగా ఇలా స్నేహితుల ఇళ్లలో వినిపించినవే. కేవలం తన రచనలతో అతను బహిరంగ కచేరీ చేసింది జీవితంలో ఒక్కసారే, 1828 మార్చి 26న. సరిగ్గా ఏడాది ముందు అదే రోజు బీథోవెన్ పోయాడు. ఆ నవంబరులో షూబర్ట్ కూడా పోయాడు, 31 ఏళ్లకు. 600కు పైగా పాటలు మిగిలాయి.

వాటిలో 'వింటర్‌రైజె' గురించి కాస్త ఆగి చెప్పాలి. శీతాకాల ప్రయాణం అని అర్థం. 1827లో విల్హెల్మ్ ముల్లర్ కవితలకు కట్టిన 24 పాటల మాల. ప్రేమ విఫలమైనవాడు రాత్రిపూట మంచులో ఊరు విడిచి వెళ్లిపోతాడు. అంతకుమించి కథ లేదు. మీకు రెండు పాటలు చాలు. మొదటిది 'గూటె నాఖ్ట్'. పాటంతా మైనర్‌లో, అంటే సాధారణ గాంధారంతో నడుస్తుంది. చివరి చరణంలో, నిద్రపోతున్న ఆమె కల చెదరకుండా మెల్లగా తలుపు వేసి వెళ్తానని అంటాడు. ఆ చరణం మేజర్‌లోకి మారుతుంది, గాంధారం అంతర గాంధారం అవుతుంది. మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే దుఃఖం అని పుస్తకాల్లో చదివి ఉంటారు కదా? ఆ పాట మొత్తంలో అన్నిటికంటే బాధపెట్టేది ఆ మేజర్ చరణమే.

రెండోది చివరి పాట, 'డెర్ లైయర్‌మన్'. ఊరి చివర, మంచులో వట్టికాళ్లతో నిలబడి చక్రం తిప్పి వాయించే వాద్యంతో ముష్టెత్తుకునే ముసలివాడి పాట. ఎవరూ వినరు, గిన్నెలో పైసా పడదు. పియానో ఎడమ చెయ్యి మొదటి నుంచి చివరి దాకా వట్టి సా-పా పట్టుకుని ఉంటుంది. అవును, తంబురా లాగే. పాశ్చాత్య సంగీతంలో శ్రుతి కోసం వెతుక్కునే మన చెవికి అది దొరికేసరికి, అది ఎంత ఒంటరిగా వినిపించగలదో అక్కడ తెలుస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్తాను. కర్ణాటక సంగీతం విన్న చెవికి మొదట ఇబ్బంది పెట్టేది షడ్జం స్థిరంగా ఉండకపోవడం. వీళ్లు పాట మధ్యలో షడ్జాన్నే జరుపుతారు. అప్పుడప్పుడు గ్రహభేదం చేసినట్టు కాదు, మాటిమాటికీ. రొమాంటిక్ వాళ్లలో అది మరీ ఎక్కువ. 'ఇది ఏ రాగం' అని లెక్కవేస్తూ కూర్చుంటే పాట దాటిపోతుంది. ఇంటికి దూరంగా పోతున్నామా, దగ్గరికి వస్తున్నామా అన్నది ఒక్కటే గమనించండి.

దానికి మంచి ఉదాహరణ రాబర్ట్ షూమన్. 1840లో, క్లారా వీక్‌తో పెళ్లి కోసం ఆమె తండ్రితో కోర్టులో పోరాడుతున్న ఆ ఒక్క ఏడాదిలో వందకు పైగా పాటలు రాశాడు. వాటిలో 'డిష్టర్‌లీబె' 16 పాటల మాల, మాటలు జర్మన్ కవి హైనేవి. మొదటి పాట వసంతం గురించి, నిమిషంన్నర ఉంటుంది. చివర షడ్జానికి చేరకుండా, అడుగు గాలిలో ఉండగానే ఆగిపోతుంది. ఇంకో వాక్యం ఉందేమో అనుకుంటారు, ఉండదు. మన దగ్గర ఎవరైనా అలా ముగిస్తే మృదంగం ఆయన వెనక్కి తిరిగి చూస్తాడు.

ఇప్పుడు పియానో. పాట నేర్చుకున్న పియానో ఇక గొంతు లేకుండానే పాడదామని చూసింది. సాధనమూ అప్పుడే మారుతోంది. మొజార్ట్ కాలంలో ఐదు స్థాయిలున్న వాద్యం ఈ కాలానికి ఆరు, ఆపైన ఏడు దాకా పెరిగింది. 1821లో పారిస్‌కు చెందిన ఎరార్ కంపెనీ ఒక కొత్త యంత్రాంగానికి పేటెంట్ తీసుకుంది. మీట పూర్తిగా పైకి లేవకముందే అదే స్వరాన్ని మళ్లీ కొట్టవచ్చు. లోపలికి ఇనుము వచ్చింది, తీగలు బిగువెక్కాయి, స్వరం ఎక్కువసేపు నిలవడం మొదలైంది. నిలిచే స్వరం లేకపోతే పాటలాంటి వరస పియానో మీద సాగదు.

'నాక్టర్న్', అంటే రాత్రి పాట లాంటి పియానో రచన, ఆ రూపాన్ని మొదలుపెట్టింది షోపాన్ కాదు. రష్యాలో స్థిరపడిన జాన్ ఫీల్డ్ అనే ఐరిష్ వ్యక్తి, 1812లో మొదటివి అచ్చయ్యాయి. ఎడమ చెయ్యి కింద అలల్లా పరుచుకుంటుంది, కుడి చెయ్యి పైన పాడుతుంది. ఫ్రెడరిక్ షోపాన్ దాన్ని తీసుకుని ఎక్కడికో తీసుకెళ్లాడు. అందరికీ తెలిసిన ఓపస్ 9లో రెండోది పెట్టుకోండి. అదే వరస మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కొంచెం ఎక్కువ అల్లికతో. మీకు దీనికి పేరు నేను చెప్పక్కర్లేదు, సంగతులు! త్యాగరాజ కృతి పల్లవి వినే చెవితో వినండి. నా విద్యార్థులకు గ్రేడ్ పరీక్షల టెన్షన్ ఎక్కువై దీన్ని మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) పెట్టుకుని కొడతారు. షోపాన్ శిష్యులు రాసిపెట్టినదాని ప్రకారం ఆయన చెప్పింది వేరు: ఎడమ చెయ్యి తాళం తప్పకూడదు, కుడి చెయ్యి గాయకుడిలా కాస్త వెనక్కీ ముందుకూ జరగవచ్చు. పియానో బాగా రావాలంటే మంచి గాయకుల్ని వినమని శిష్యులకు చెప్పేవాడట. ఇటలీ సంగీతకర్త బెల్లినీ ఆపెరాలంటే (పాడే నాటకాలంటే) ఆయనకు ప్రాణం.

షోపాన్ 1830 నవంబరులో వార్సా విడిచాడు. అదే నెలాఖరులో అక్కడ రష్యా మీద తిరుగుబాటు మొదలైంది. మళ్లీ స్వదేశం చూడలేదు. పారిస్‌లో ఉంటూ 50కి పైగా 'మజూర్కాలు' రాశాడు. అవి పోలండ్ పల్లె నాట్యాలు, మూడు మాత్రల నడక, ఊనిక మొదటి మాత్ర మీద కాకుండా రెండో దాని మీదో మూడో దాని మీదో పడుతుంది. ఓపస్ 68లో మూడోదాని మధ్య భాగం వినండి. కింద సా-పా మోగుతుంటే పైన శుద్ధ మధ్యమం రావాల్సినచోట ప్రతి మధ్యమం వస్తుంది. ఊరి బూరల వాసన అది. నాక్టర్న్‌లు అందరికీ నచ్చుతాయి. నన్నడిగితే అసలు షోపాన్ మజూర్కాల్లో ఉన్నాడు.

కవితల్లోని కథాగీతం పేరు అరువు తెచ్చుకుని, మాటల్లేని పియానో రచనలకు 'బల్లాడ్' అని పెట్టిందీ ఆయనే. నాలుగే రాశాడు. మొదటిది, జి మైనర్‌లో, 1836లో అచ్చయింది. కథ ఏమిటో మాత్రం చెప్పడు. షోపాన్‌కు రచనలకు పేర్లు పెట్టడమే గిట్టదు. లండన్ ప్రచురణకర్త ఆయన నాక్టర్న్‌లకు 'సెన్ నది గుసగుసలు' లాంటి పేర్లు తగిలిస్తే చిరాకుపడ్డాడు. 'రెయిన్‌డ్రాప్', 'రెవల్యూషనరీ' అని మీరు యూట్యూబ్‌లో చూసేవన్నీ ఇతరులు పెట్టినవే.

షూమన్ దీనికి పూర్తిగా ఎదురు. పేరు లేనిదే ఆయనకు ముద్ద దిగదు. 'కిండర్‌జేనన్' 13 చిన్న ముక్కలు, బాల్యం గుర్తుచేసుకునే పెద్దవాడి సంగీతం, 1838. 'కార్నవాల్' అయితే ఒక ముసుగుల విందు. అందులో షోపాన్ వస్తాడు, వయొలిన్ విద్వాంసుడు పాగనీని వస్తాడు, క్లారా వస్తుంది, షూమన్ తన రెండు స్వభావాలకు పెట్టుకున్న పాత్రలూ వస్తాయి. అప్పట్లో ఆయనకు నిశ్చయమైన అమ్మాయి వేరు. ఆమె ఊరు ఆష్. ఆ ఊరి పేరులోని అక్షరాలను జర్మన్ స్వరాల పేర్లుగా మార్చి వరసలు కట్టాడు. ఒకటి రెండు నిమిషాల ఇలాంటి ముక్కల్ని 'క్యారెక్టర్ పీస్' అంటారు. ఒక భావం, ఒక బొమ్మ, అయిపోయింది. ఈ యుగపు సొంత ఆస్తి ఇదే అంటాను.

మెండెల్సన్ వీటికి సూటిగా పేరు పెట్టాడు, 'మాటల్లేని పాటలు' అని. మొదటి పుస్తకం 1832లో లండన్‌లో వచ్చింది. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు కానీ, తర్వాత తర్వాత ఇళ్లలో వాయించుకునేవాళ్లకు ఇవి బాగా నచ్చాయి. ఆయన అక్క ఫానీ సంగతి మాత్రం ఎప్పుడు తలుచుకున్నా కష్టంగా ఉంటుంది. సంగీతం ఫెలిక్స్‌కు వృత్తి కావచ్చు, నీకు మాత్రం అలంకారమేనని తండ్రి 1820లో ఆమెకు ఉత్తరం రాశాడు. ఆమె పాటలు ఆరు తమ్ముడి పేరుతో అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి ఫెలిక్స్ ముందు తనకిష్టమైన 'ఇటాలియెన్' (ఇటలీ) అనే పాట పాడితే, అది మా అక్క రాసిందని ఆయన ఒప్పుకోవాల్సి వచ్చింది. 450కి పైగా రచనలు చేసిన మనిషి సొంత పేరుతో వరుసగా అచ్చు వేయడం మొదలుపెట్టింది 1846లో. మరుసటి ఏడాదే పోయింది. నెలకొక ముక్క చొప్పున ఏడాది మీద రాసిన ఆమె 'డాస్ యార్' వినండి. క్లారా కూడా అంతే. 16 ఏళ్ల వయసులో తన కాన్సర్టోను (వాద్యబృందంతో కలిసి ఒక్కరు ముందుండి వాయించే రచనను) లైప్‌జిగ్‌లో మెండెల్సన్ నిర్వహణలో తానే వాయించింది. చాలా పుస్తకాల్లో ఇంకా 'షూమన్ భార్య' గానే మిగిలింది.

ఇక జనాన్ని వెర్రెత్తించిన విన్యాసకారులు. వయొలిన్‌తో పాగనీని, అతన్ని చూసి పియానోతో అలా చేస్తానని పంతం పట్టిన లిస్ట్. ఒక్కడే కూర్చుని కచేరీ అంతా చేసి, దానికి 'రిసైటల్' అనే పేరు ప్రకటనలో వేసింది 1840లో లండన్‌లో, లిస్ట్‌దే. కానీ నాకు లిస్ట్‌లో ఇష్టమైన గుణం వేరే ఉంది. ఇతరుల సంగీతాన్ని పియానోకు మార్చి ఊరూరా వినిపించాడు. షూబర్ట్ పాటలు చాలా ఊళ్లకు చేరింది అలాగే.

పెద్ద రూపాలకు వద్దాం. 1830 డిసెంబరు 5న పారిస్‌లో ఎక్టార్ బెర్లియోజ్ 'సింఫనీ ఫాంటాస్టిక్' వినిపించాడు. షేక్‌స్పియర్ నాటకంలో ఒఫీలియాగా వేసిన హారియట్ స్మిత్సన్ అనే నటిని చూసి మతి పోగొట్టుకున్నవాడి కథ అది, అంటే అతని కథే. ఐదు భాగాలు, కథ రాసిన కాగితం ప్రేక్షకులకు పంచారు. ఆమెకు ఒక వరస ఉంటుంది, ప్రతి భాగంలోనూ వేషం మార్చుకుని వస్తుంది. నాలుగో భాగంలో నాయకుణ్ణి ఉరికొయ్యకు కాదు, గిలటిన్ దగ్గరకు నడిపిస్తారు. కత్తి పడబోయే ముందు ఆ వరస ఒక్క క్షణం క్లారినెట్ మీద మెరుస్తుంది, మధ్యలోనే తెగిపోతుంది. మిగతావాళ్లలో చాలామంది పియానో పిల్లలైతే బెర్లియోజ్‌కు పియానో రాదు. గిటార్, ఫ్లూట్ వచ్చు. అందుకే అతని వాద్యబృందం అంత కొత్తగా మోగుతుందని నా అనుమానం. తమాషా ఏమిటంటే, 1835లో షూమన్ దీని మీద రాసిన పెద్ద సమీక్ష లిస్ట్ అచ్చువేసిన పియానో ప్రతిని చూసి రాసింది.

వాద్యబృందం కోసం రాసి, ఒకే భాగంతో ముగిసే 'కచేరీ ఓవర్చర్' మెండెల్సన్ చేతిలో రాటుదేలింది. 1829లో స్కాట్లండ్ దీవులకు వెళ్లి, 'హెబ్రిడీస్' మొదటి వరసను ఇంటికి రాసిన ఉత్తరంలోనే గీశాడు. పది నిమిషాల సముద్రం. చర్చి పెళ్లిళ్లలో మోగే వెడ్డింగ్ మార్చ్ కూడా ఆయనదే, 1842. షూబర్ట్ సింఫనీల కథ విషాదం. రెండు భాగాలతో ఆగిపోయిన 'అన్‌ఫినిష్డ్' 1822లో రాస్తే మొదటిసారి వినిపించింది 1865లో. సి మేజర్‌లోని పెద్దదాన్ని షూమన్ వెళ్లి, షూబర్ట్ వాళ్ల అన్నయ్య ఇంట్లో కాగితాల మధ్య కనిపెట్టాడు, 1839లో లైప్‌జిగ్‌లో మెండెల్సన్ వినిపించాడు. బతికుండగా షూబర్ట్ జనానికి పాటలవాడే.

ఆపెరా దగ్గర నేను నిపుణుణ్ణి కాదు, క్లుప్తంగా వదిలేస్తాను. జర్మనీలో వేబర్ 'డెర్ ఫ్రైషుట్జ్', 1821, బెర్లిన్. అందులో అర్ధరాత్రి లోయలో మంత్రపు తూటాలు పోసే దృశ్యం ఒక్కటి చాలు. ఇటలీలో బెల్లినీ 'నోర్మా', 1831. అందులో 'కాస్టా దివా' విన్నాక షోపాన్ నాక్టర్న్ మళ్లీ వినండి, రెండూ ఎంత దగ్గరగా పాడతాయో తెలుస్తుంది.

ఎలా వినాలంటే, ముందు గ్రెట్చెన్, ఎర్ల్‌కోనిగ్, అనువాదం చేతిలో పెట్టుకుని. ఫిషర్-డీస్కావ్ గొంతు, జెరాల్డ్ మూర్ పియానో ఉన్న 'వింటర్‌రైజె' దొరికితే వదలకండి. గ్రెట్చెన్ మాత్రం ఆడగొంతులో వినండి. తర్వాత నాక్టర్న్‌లు, మజూర్కాలు రూబిన్‌స్టీన్ వాయించినవి. ఆ తర్వాత 'కిండర్‌జేనన్', దాని వెంటనే 'హెబ్రిడీస్'. బెర్లియోజ్ చివర్న, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, సౌండ్ పెంచుకుని. రోజుకు అరగంట మించొద్దు, విన్నదే రెండుసార్లు వినండి. ఏది నచ్చిందో ఇక్కడే రాయండి. మజూర్కాలు నచ్చలేదంటే మాత్రం ఇంకో రెండుసార్లు విన్నాకే రాయండి.